ఉప్పు, శిస్తు, జైలు కాగితం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తెల్లదొరల పాలన మీదా, దాన్ని మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు ఎదుర్కొన్న తీరు మీదా వచ్చిన ప్రశ్నలకు ఈ విడత జవాబులిస్తున్నాం. ఎక్కువమంది అడిగినవి పన్నుల సంగతులూ, ఇంట్లో దొరికిన పాత కాగితాల సంగతులూ. అందుకే వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: ఆగస్టు పదిహేనుకు మా హైస్కూలు పిల్లలచేత మైపాడు ఉప్పు సత్యాగ్రహం చేసి చూపించాలని ఉందండీ. సముద్రపు నీళ్లు కాస్తే నిజంగా ఉప్పు దిగుతుందా? ఎన్ని నీళ్లకు ఎంత? 1930లో వాళ్లు కూడా ఇలాగే కాశారా?
- ఉపాధ్యాయురాలు, అల్లూరు

జవాబు: దిగుతుందమ్మా. కానీ కట్టెలు విపరీతంగా తింటుంది. లీటరు సముద్రపు నీళ్లలో అన్ని లవణాలూ కలిపి సుమారు 35 గ్రాములు ఉంటాయి. అందులో మనం కూరలో వేసుకునే ఉప్పు 27 గ్రాములే. పదిహేను లీటర్ల బిందెడు నీళ్లు పూర్తిగా ఇగిరిస్తే అర కిలో పైచిలుకు సరుకు మిగులుతుంది గానీ, అందులో అసలు ఉప్పు నాలుగు వందల గ్రాములే. బడిలో చూపించడానికి మూడు లీటర్లు చాలు, డెబ్బై ఎనభై గ్రాములు వస్తుంది. పిల్లల చేతుల్లోకి తలా చిటికెడు పంచొచ్చు.

నీళ్లు ఏటి మొగ దగ్గర పట్టకండి. ఆగస్టులో మంచినీళ్లు కలిసి ఉప్పదనం తగ్గిపోతుంది. మొగకు దూరంగా, అలల్లోకి దిగి పట్టండి. ఒక రాత్రి కదపకుండా ఉంచితే ఇసుక అడుక్కి చేరుతుంది. పైతేటను నాలుగు మడతల పంచెలో వడకట్టండి. గిన్నె వెడల్పాటి స్టీలుది కావాలి. అల్యూమినియం గిన్నెకు చిల్లులు పడతాయి, ఇనప బాణలిలో కాస్తే ఉప్పు తుప్పు రంగు తేలుతుంది. నీళ్లు ఐదో వంతుకు వచ్చేటప్పటికి తెల్లటి సున్నంలాంటి పొడి కనిపిస్తుంది. అది ఉప్పు కాదు, జిప్సం. చాలామంది అక్కడే సంబరపడి దాన్నే గీకుతారు. ఆ పొడి అడుగున వదిలేసి, నీళ్లను మాత్రం ఇంకోసారి వడకట్టి మళ్లీ పొయ్యెక్కించండి. పదో వంతుకు వచ్చాక పలుకులు కట్టడం మొదలవుతుంది. అదీ ఉప్పు. ఇక్కడి నుంచి సన్నటి సెగ చాలు. పెద్ద మంట పెడితే చిటపటమని కళ్లలోకి ఎగురుతుంది, పిల్లల్ని పక్కకు నిలబెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, పూర్తిగా ఎండేదాకా కాయకూడదు. మూడు లీటర్లు పోస్తే చివర నూరు మిల్లీలీటర్లు మిగిలి ఉండగానే దించి, పలుకుల్ని గుడ్డలో వేసి ఆ నీళ్లు జార్చేయాలి. ఆ మిగిలిన నీళ్లలో మెగ్నీషియం లవణాలుంటాయి. వాటిని కూడా ఎండబెట్టారంటే ఉప్పు చేదెక్కుతుంది, గాలి తగిలితే చెమ్మగిల్లి ముద్దవుతుంది. ఈ ఉప్పు చూపించడానికే గాని తినడానికి కాదని పిల్లలకు ముందే చెప్పండి. నేటి తీరపు నీళ్లు 1930 నాటి నీళ్లు కావు.

ఇక సత్యాగ్రహులు ఎక్కువచోట్ల చేసింది ఇంకో పద్ధతి. అది బీదవాళ్లకు తెలిసిన పద్ధతి. పోటు వచ్చి పోయిన చవిటి నేల మీద ఎండాకాలంలో తెల్లగా ఉప్పు పేరుతుంది. ఆ పైమట్టిని చిప్పతో పలచగా గీకుతారు. అడుగున చిల్లి ఉన్న కుండలో చిల్లి మీద గడ్డి పరిచి, మట్టి నింపి, నీళ్లు పోస్తారు. కింద కుండలోకి దిగిన నీళ్లనే మళ్లీ కొత్త మట్టి మీద పోస్తారు. ఇలా రెండు మూడు మార్లు దింపితే నీళ్లు చిక్కబడతాయి. కోడిగుడ్డు వేస్తే తేలాలి. మునిగిందంటే ఇంకా చాలలేదన్నమాట. అప్పుడు పొయ్యి మీద పెడితే సముద్రపు నీళ్లకు పట్టే కట్టెల్లో సగం కూడా పట్టవు. మట్టిని లోతుగా తవ్వితే మాత్రం చవుడు కలిసి, తిన్నవాళ్లకు విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే పైపొర మాత్రమే.

కాలాన్ని కూడా గమనించండి. గాంధీజీ 78 మందితో మార్చి 12న బయల్దేరి దండిలో ఉప్పు తీసింది ఏప్రిల్ 6న. మన తీరంలోనూ వానలు వెళ్లిపోయిన జనవరిలో మడులు బాగుచేసుకుంటే వేసవి అంతా ఉప్పు పండే కాలం. ఏప్రిల్‌లో చవిటి నేల మీద ఎక్కడ చూసినా ఉప్పు పేరుకుని ఉంటుంది. వంగి పిడికెడు తీసినవాడల్లా నేరస్తుడే. మైపాడు ఒడ్డునా, ఒంగోలు వైపు ప్రకాశం పంతులు గారు శిబిరం నడిపిన దేవరంపాడులోనూ ఉప్పు వండిన చట్టీలు, పొయ్యిరాళ్లు, గుడ్డమూటలు ప్రతి ఇంట్లో ఉండేవే. ఏ ఫ్యాక్టరీ అక్కర్లేదు. పోలీసులు చట్టీలు పగలగొట్టి ఉప్పు ఒలకబోస్తే పక్కింట్లో ఇంకో చట్టీ ఉంటుంది. మీ ప్రదర్శనలో ఈ సంగతి పిల్లలచేత తప్పకుండా చెప్పించండి.

ప్రశ్న: మణుగు ఉప్పుకు పన్ను రూపాయి పావలా అని చదివాను. మణుగంటే పదకొండు కిలోలే కదా? మా లెక్కలో కిలోకు దాదాపు రెండణాలు పడుతోంది. ఇది నిజమేనా? నిజం కాకపోతే, అంత చిన్న పన్నుకు దేశమంతా జైళ్లకు పోవడం ఎందుకు?
- విశ్రాంత ఉద్యోగి, కందుకూరు

జవాబు: మణుగు దగ్గరే చిక్కు వచ్చింది. మన పెద్దవాళ్ల వాడుకలో ఉన్న మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే 8 వీశెలు, సుమారు 11.3 కిలోలు. ఉప్పు పన్ను లెక్క మాత్రం బంగాళా మణుగు మీద. అది 82 పౌన్ల పైచిలుకు, అంటే 37.3 కిలోలు. పాత పత్రికలు, నివేదికలు చదివేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. బెల్లం, పొగాకు, చింతపండు ధరల్లో కనిపించేది మద్రాసు మణుగు, ఉప్పు పన్నులో కనిపించేది బంగాళా మణుగు.

ఇప్పుడు లెక్క కట్టండి. రూపాయి పావలా అంటే 20 అణాలు, అంటే 240 పైసలు. ఇవి అణాకు 12 వచ్చే పాత చిన్న పైసలు. వాటిని 82తో భాగిస్తే పౌనుకు మూడు పైసలకు ఒక పిసరు తక్కువ. ఐదుగురున్న ఇంట్లో మనిషికి ఏడాదికి 12 పౌన్ల చొప్పున 60 పౌన్లు వాడారనుకుంటే పన్ను పద్నాలుగున్నర అణాలు. గాంధీజీ 1930 మార్చి 2న వైస్రాయికి రాసిన ఉత్తరంలో దేశంలో సగటు మనిషి రాబడి రోజుకు రెండణాలు కూడా లేదనీ, వైస్రాయి జీతం రోజుకు 700 రూపాయలకు పైనేననీ రాశారు. ఆ రెండణాల లెక్కన చూస్తే, ఒక మనిషి వారం రోజుల రాబడి ఉప్పు పన్నుకే పోతుంది. వ్యవసాయ కూలీ ఇంట్లో ఉప్పు వాడకం ఇంకా ఎక్కువ. ఎండలో చెమటోడ్చే ఒళ్లు, గంజిలోకి ఉప్పూ మిరపకాయా తప్ప వేరే ఆదరువు లేని తిండి. దొర తిన్నా కూలీ తిన్నా పన్ను ఒకటే. మడిలో ఉప్పు తీయడానికి అయ్యే ఖర్చు మణుగుకు కొద్ది అణాలే. మిగతాదంతా సర్కారు వాటా.

పైగా పన్ను ఎప్పుడూ ఒకేలా నిలబడలేదు. 1882లో మణుగుకు 2 రూపాయలు, 1888లో రెండున్నర. 1903 నుంచి అంచెలంచెలుగా తగ్గించి 1907లో రూపాయి చేశారు. యుద్ధకాలంలో 1916లో రూపాయి పావలా. 1923లో శాసనసభ వద్దన్నా వినకుండా వైస్రాయి తన అధికారంతో దాన్ని రెండున్నరకు పెంచాడు. మరుసటి ఏడే మళ్లీ రూపాయి పావలాకు దించక తప్పలేదు. జనం చేత ఎన్నికైనవాళ్లు కాదన్నా ఒక్క సంతకంతో ఉప్పు ధర పెంచగలిగారు. జైళ్లకు పోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదని మా అభిప్రాయం. ఇక మన ప్రాంతానికి ఇంకో గాయం ఉంది. 1805లో కంపెనీ మద్రాసు రాజధానిలో (అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో) ఉప్పును తన గుత్త చేసుకుంది. అప్పటి నుంచి కృష్ణపట్నం, ఇసకపల్లి, కనుపర్తి లాంటి చోట్ల తరతరాలుగా ఉప్పు పండించిన కుటుంబాలు తమ మడిలో తాము తీసిన ఉప్పును సర్కారు కొఠారుకే అప్పజెప్పాలి, తమ కూరలోకి మళ్లీ పన్ను కట్టి కొనుక్కోవాలి.

ప్రశ్న: 1931 ఒప్పందంతో ఉప్పు పన్ను పోయిందని మా తాతయ్య అనేవారు. నిజమా?
- డిగ్రీ విద్యార్థి, కొత్తపట్నం

జవాబు: పోలేదు. 1931 మార్చి 5 నాటి గాంధీ-ఇర్విన్ ఒప్పందం ప్రకారం ఉప్పు దొరికే చోటికి ఆనుకుని ఉన్న ఊళ్లవాళ్లు తమ ఇంటి వాడకానికి ఉప్పు తీసుకోవచ్చు, చేసుకోవచ్చు, తమ ఊళ్లో అమ్ముకోవచ్చు. ఊరు దాటించి అమ్మితే నేరమే. కొత్తపట్నం తీరంలో ఉన్నవాళ్లకు అది నిజంగానే పన్ను పోయినట్టు, పొదిలిలో ఉన్నవాళ్లకు ఏమీ మారలేదు. మీ తాతయ్య మాట మీ ఊరి వరకు సరైనదే. దేశమంతటా ఉప్పు పన్ను ఎత్తేసింది 1947 ఏప్రిల్ నుంచి.

ప్రశ్న: చీరాల-పేరాల వాళ్లు ఊరు ఖాళీ చేసి పోయారంటారు. పన్ను కట్టకుండా ఇళ్లలోనే కూర్చోవచ్చుగా? పైగా చివరికి తిరిగొచ్చేశారు. అది ఓడిపోయినట్టు కాదా?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు గొడవేమిటో చూద్దాం. చీరాల, పేరాల, చుట్టుపక్కల పేటలన్నీ కలిపినా పదిహేను వేల జనాభా. అప్పటిదాకా అది యూనియన్, అంటే మునిసిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థ. ఏడాదికి పన్ను నాలుగు వేల రూపాయలు. మద్రాసు ప్రభుత్వం దాన్ని మునిసిపాలిటీ చేసింది. పన్ను నలభై వేలకు ఎగబాకిందన్నది ఉద్యమకాలం నుంచీ చెప్పే లెక్క. ఊళ్లో ఉన్నది ఎక్కువమంది నేతపనివాళ్లు, చిన్న రైతులు, కూలీలు. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు. వినలేదు. పన్ను కట్టం అన్నారు. అరెస్టులు చేశారు, జైలుకు వెళ్లినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. అంటే మీరడిగిన "ఇళ్లలోనే కూర్చోవడం" ముందు జరిగింది. దాని తర్వాతే ఊరు విడవడం.

ఇంట్లో కూర్చుని పన్ను ఎగ్గొడితే ఏమవుతుంది? మునిసిపాలిటీ మనుషులు వచ్చి చెంబూ తప్పేలా జప్తు చేస్తారు. నేతగాడి ఇంట్లో జప్తుకు దొరికేది మగ్గం, నూలు. అవి పోతే మర్నాటి కూడు పోయినట్టే. ప్రతి జప్తు దగ్గరా జనం మూగుతారు, ఎవరో ఒకరు చెయ్యి చేసుకుంటారు, లాఠీ లేస్తుంది. ఊరి హద్దు దాటిపోతే ఈ రెండూ ఉండవు. పన్ను వేసేవాడి అధికారం హద్దు దగ్గరే ఆగిపోతుంది. 1921 ఏప్రిల్ మొదట్లో బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగించుకుని గాంధీజీ చీరాల వచ్చినప్పుడు ఈ రెండు దారులూ వాళ్ల ముందు పెట్టారు. పన్ను నిరాకరించి శిక్షకు సిద్ధపడటం ఒకటి, ఊరు వదలడం రెండోది. ఏది చేసినా మీ బలం మీదే చెయ్యండి, కాంగ్రెస్ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దనీ చెప్పారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం రెండోది ఎంచుకున్నారు. పదిహేను వేలల్లో పదమూడు వేల పైచిలుకు మంది మునిసిపల్ హద్దు బయట పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు.

పదమూడు వేల మందిని పాకల్లో ఉంచడమంటే ఎంత పనో ఒక్కసారి ఊహించండి. మంచినీళ్లు, మరుగు, వెదురు, తాటాకు, నిప్పు భయం, తగాదాల తీర్పు. గోపాలకృష్ణయ్య గారు తయారు చేసిన రామదండు వాలంటీర్లు కాపలా కాశారు, క్రమశిక్షణ నిలిపారు. తగవులు కోర్టుకు పోకుండా అక్కడే పంచాయతీ పెట్టి తీర్చుకున్నారు. దాదాపు పదకొండు నెలలు ఇలా నడిపారు.

తిరిగి రావడానికి కారణాలు వెతకడం కష్టమేమీ కాదు. విరాళాల కోసం, ప్రచారం కోసం తిరుగుతున్న గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో నిషేధాజ్ఞ ధిక్కరించారని పట్టుకుని ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. ఉద్యమం మొత్తం ఒక్క మనిషి మాట మీద నడుస్తున్నప్పుడు ఆ మనిషి లేకపోవడం పెద్ద దెబ్బ. రెండోది వాన. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానా, తుఫానూ. గుంటమగ్గం నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి నేసేది. పాక నేల చెమ్మగిల్లితే నూలు పాడు, గుంతలో నీళ్లు ఊరితే పనే లేదు. నేతపని ఆగితే ఇల్లు గడవదు. మూడోది డబ్బు. చివరిది, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత దేశమంతటా శాసనోల్లంఘన ఆగిపోయింది.

ఓటమా అంటే, మునిసిపాలిటీని రద్దు చేయించడమే కొలమానమైతే అనుకున్నది అప్పటికి దక్కలేదు. కానీ ఒక ఊరు ఊరంతా, కులాలు కలిసి, రాయి విసరకుండా, పదకొండు నెలలు పాకల్లో ఉండి సర్కారుకు పన్ను పుట్టకుండా చేసింది. దండికి తొమ్మిదేళ్ల ముందు మాట ఇది. దీన్ని ఓటమి పద్దులో రాయడానికి మాకు మనసొప్పదు.

చరిత్ర చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు జిల్లా (దానికే 1972లో ప్రకాశం అని పేరు మార్చారు), 2022 నుంచి బాపట్ల. ఏ కాలపు కాగితం వెతుకుతున్నారో దాన్నిబట్టి జిల్లా పేరు మారుతుంది.

ప్రశ్న: అటక మీద తాతగారి శిస్తు రసీదులు దొరికాయి. ఒకదాని మీద "ఫసలీ 1331", "రూ. 4-7-6" అనీ, పక్కన జప్తు ఖర్చు అనీ ఉంది. ఆయన పన్ను నిరాకరణ ఉద్యమంలో ఉన్నట్టేనా? మాది అద్దంకి దగ్గర పల్లె.
- గృహిణి, అద్దంకి

జవాబు: తొందరపడకండి, ఒక్కొక్కటే చూద్దాం.

ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1331కి 590 కలిపితే 1921. మద్రాసు రాజధానిలో ఫసలీ జులై 1న మొదలవుతుంది కాబట్టి ఆ రసీదు 1921 జులై నుంచి 1922 జూన్ లోపలి శిస్తుకు సంబంధించింది. కట్టిన తేదీ మాత్రం తర్వాతిది కూడా కావచ్చు, బాకీ అయితే అలాగే ఉంటుంది. అందుకే ఫసలీ వేరు, కింద వేసిన తేదీ వేరు అని గుర్తుపెట్టుకుని రెండూ రాసుకోండి.

4-7-6 అంటే నాలుగు రూపాయల డెబ్బై ఆరు పైసలు కాదు. నాలుగు రూపాయల ఏడణాల ఆరు పైసలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. ఈనాటి లెక్కలో 4 రూపాయల 47 పైసలు. 1957 ఏప్రిల్‌లో కొత్త పైసలు వచ్చేదాకా ఇదే లెక్క.

మొత్తం ఒక్కటే అంకె ఉందా, పద్దులు విడివిడిగా ఉన్నాయా చూడండి. భూమి శిస్తు, నీటి తీరువ, సెస్సు అని ఉంటే రైత్వారీ భూమి, సర్కారుకే నేరుగా కట్టారు. జోడి అని ఉంటే ఇనాం భూమి. జమీందారు ఠాణా ముద్ర ఉంటే అది ఎస్టేటు దాఖలా. దర్శి, పొదిలి వైపు వెంకటగిరి జమీందారీ ఊళ్లలో ఇవే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడ రైతు జమీందారుకు కడితే జమీందారు సర్కారుకు పేష్కష్ కట్టేవాడు. రైతు ఇచ్చేది పెరుగుతూ పోయేది, 1802 శాశ్వత పద్ధతి వల్ల సర్కారుకు చేరే పేష్కష్ మాత్రం పెరిగేది కాదు. 1937లో ప్రకాశం పంతులు గారు రెవెన్యూ మంత్రిగా జమీందారీల మీద విచారణ సంఘానికి అధ్యక్షత వహించింది ఈ అన్యాయం మీదే. జమీందారీలు 1948 చట్టంతో పోయాయి.

జప్తు ఖర్చు విషయానికొస్తే, 1864 నాటి రెవెన్యూ వసూలు చట్టం ప్రకారం కిస్తు తేదీ దాటితే నోటీసు, తర్వాత చరాస్తి జప్తు, అదీ చాలకపోతే భూమి వేలం. ఆ ఖర్చులన్నీ రైతు నెత్తినే. పంట పోయి ఆలస్యమైన రైతుకూ ఈ పద్దు పడేది, కావాలని నిరాకరించిన రైతుకూ పడేది. కాబట్టి ఒక్క రసీదుతో ఏదీ తేలదు. అయితే మీ కాగితం కాలం మాత్రం ఆసక్తికరమైనదే. 1922 జనవరి, ఫిబ్రవరిలో పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో శిస్తు నిరాకరణ ఉధృతంగా సాగింది. ఫిబ్రవరి 12న బార్డోలీ తీర్మానంతో ఉద్యమం ఆపేశాక రైతులు బకాయిలు కట్టేశారు. మీ ఊళ్లో ఇంకో పది ఇళ్లలో అదే ఫసలీ రసీదులు వెతకండి. అందరివీ అదే నెలలో, అదే జప్తు పద్దుతో ఉంటే ఊరు ఊరంతా నిలబడినట్టు. మీ ఒక్కరిదే అయితే ఆ ఏడు మీ తాతగారికి చేతిలో డబ్బు ఆడలేదని అర్థం.

సర్వే నంబరు పట్టుకుని తాలూకా రికార్డుల్లో డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన పాత భూమి రిజిస్టరు), ఇనాం అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు అడగండి. భూమి ఎవరి పేర, ఏ తరం (నేల తరగతి) కింద, ఎంత శిస్తుకు ఉందో అందులో తేలుతుంది. నెల్లూరు వైపు ఇంటి స్థలాల కాగితాల్లో అంకణాలు కనిపిస్తే కంగారు పడొద్దు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, ఎకరానికి 605 అంకణాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. రెండూ కలిపేసి స్థల తగాదాలు తెచ్చుకున్నవాళ్లున్నారు.

రసీదుల్ని లామినేషన్ చేయించకండి. వేడికి పాత సిరా, కాగితం రెండూ పాడైపోతాయి, మళ్లీ విప్పలేరు. ఎండ తగలని చోట కాగితపు కవరులో పెట్టి, ముందూ వెనకా ఫొటో తీసి ఉంచండి.

ప్రశ్న: బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది దొరలే కదా. కరువులో పని ఇచ్చి కాపాడారని పెద్దలు చెబుతారు. దీనికేమంటారు?
- పడవ నడిపిన కుటుంబం నుంచి, తుమ్మలపెంట

జవాబు: కాలువ మొదట మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1806లో వచ్చింది. తర్వాత ఉత్తరాన పెదగంజాం దాకా సాగింది. 1877-78లో కరువు పనిగా మద్రాసు నగరంలోని భాగాన్ని తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. మన వైపు కూడా కరువులో తవ్వకం సాగింది. ఒంగోలు మిషనరీ క్లౌ దొర కొన్ని మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని తన దగ్గరికి వచ్చినవాళ్లకు పని చూపించాడు. కాలువ వల్ల ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద పోయాయి, మీలాంటి కుటుంబాలు బతికాయి. ఇదంతా నిజం.

కూలి ఎంత ఇచ్చారో కూడా చూడాలి. 1877 మొదట్లో, కరువు పనులు చూడటానికి వైస్రాయి ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి కరువు పనిలో మగమనిషికి రోజుకు పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన కాస్త చిల్లర అని ఖరారు చేశాడు. రోజంతా ఎండలో మన్ను మోసే మనిషికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ పోరాడాడు, కనీసం 680 గ్రాములు కావాలన్నాడు. కొన్ని నెలల తర్వాతే కొంత పెంచారు. ఈలోగా దేశం నుంచి తిండిగింజల ఎగుమతి ఆగలేదు. కాలువ మిగిలింది, దాన్ని తవ్విన వాళ్లలో ఎందరో మిగల్లేదు.

ప్రశ్న: ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మా గిద్దలూరు దగ్గర పోరాడాడంటారు. సర్కారు కాగితాల్లో మాత్రం దోపిడీ అని ఉందట. ఏది నమ్మాలి?
- విద్యార్థి, గిద్దలూరు

జవాబు: 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డ మాట, గిద్దలూరు దగ్గర కంపెనీ సైన్యంతో తలపడ్డ మాట రెండూ నిజం. పేరు పెట్టేది రాసినవాడు. ఆయన వెంట నడిచింది ఎవరో చూస్తే చాలు. ఊరి కాపలాకు బదులు మాన్యాలు అనుభవించిన కట్టుబడి బంట్రోతులు, ఆ మాన్యాలు కంపెనీ లాక్కున్నాక దిక్కులేనివాళ్లయినవాళ్లు. 1847 ఫిబ్రవరి 22న ఉరి తీసి, తలను కోట గుమ్మానికి ముప్పై ఏళ్లు వేలాడదీశారు. మామూలు దొంగకు ఎవరూ అంత చేయరు. అప్పటికి మీ ప్రాంతం కడప జిల్లా. 1858లో కర్నూలుకు, 1970లో ఒంగోలు జిల్లాకు మారింది. కాబట్టి కాగితాలు కడప కలెక్టరు రికార్డుల్లో వెతకాలి.

ప్రశ్న: మా నాయనమ్మ పల్లెపాడు ఆశ్రమంలో ఉండి, తర్వాత జైలుకు వెళ్లిందని ఇంట్లో చెప్పుకుంటారు. రుజువు ఎలా సంపాదించాలి? పెన్షను వస్తుందా?
- ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట

జవాబు: పెన్షను సంగతి ముందు చెబుతాం. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షను కేంద్రం 1972లో మొదలుపెట్టింది. మగవాళ్లకు ఆరు నెలలు, స్త్రీలకూ ఎస్సీ, ఎస్టీలకూ మూడు నెలలు జైలు అని నియమం. సమరయోధుల తర్వాత అది భార్యకు గానీ భర్తకు గానీ, పెళ్లికాని నిరుద్యోగ కూతుళ్లకు, తల్లిదండ్రులకు. మనవలకూ మనవరాళ్లకూ రాదు. పెన్షను ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లను నమ్మకండి. రుజువు మాత్రం వెతకాల్సిందే, అది మీ ఇంటి ఆస్తి.

పల్లెపాడు పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ గారు. ఆశ్రమంలో ఉన్నంత మాత్రాన జైలు రికార్డు ఉండదు, కాబట్టి ఏ ఉద్యమంలో శిక్ష పడిందో ముందు తేల్చుకోండి. 1930 అయితే ఉప్పు, 1932 అయితే ఆర్డినెన్సులను ధిక్కరించిన శాసనోల్లంఘన, 1940-41 అయితే వ్యక్తి సత్యాగ్రహం, 1942 అయితే క్విట్ ఇండియా. చివరి రెండింటికీ భారత రక్షణ నిబంధనల కింద శిక్షలు. ఇంట్లో పెద్దవాళ్లను సంవత్సరం అడిగితే చెప్పలేరు. అప్పటికి ఎవరు పుట్టారు, ఎవరు చంటిబిడ్డ అని అడగండి, సంవత్సరం దానంతటదే తేలుతుంది.

స్త్రీలను ఎక్కువగా రాయవేలూరు జైలుకు పంపేవారు. మగవాళ్లయితే రాజమండ్రి, తిరుచిరాపల్లి, కన్ననూరు, బళ్లారి దగ్గరి అలీపురం, 1942లో తంజావూరు క్యాంపు జైలు. వేలూరు, తిరుచ్చి, తంజావూరు ఇప్పుడు తమిళనాడులో, కన్ననూరు కేరళలో, బళ్లారి కర్ణాటకలో ఉన్నాయి. నెల్లూరు కలెక్టరేటులో దొరకలేదని ఆగిపోయేవాళ్లు ఇది మరిచిపోతారు. మద్రాసు ప్రభుత్వపు పాత ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

అర్జీలో పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, తాలూకా, శిక్ష పడిన సుమారు నెల, జైలు పేరు రాయండి. పేరు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసి ఇవ్వండి. జైలు గుమాస్తా తమిళుడైతే తెలుగు పేరు ఆయన చెవికి ఎలా పడితే అలా రాసి ఉంటాడు. ఇంటిపేరు పూర్తిగా ఉండకపోవచ్చు, ఒక్క పొడి అక్షరమే ఉండొచ్చు. స్త్రీల విషయంలో పుట్టింటి పేరుతోనూ వెతికించండి. కోర్టు తీర్పు దొరక్కపోయినా జైలు ప్రవేశ రిజిస్టరులో ఖైదీ నంబరు, తరగతి, విడుదల తేదీ దొరికితే చాలు. రికార్డు నశించిందని జవాబొస్తే ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత అదే ఏడు అదే జైల్లో ఉన్నవాళ్ల కుటుంబాల దగ్గర సహఖైదీ ధ్రువపత్రాల నకళ్లు అడగండి. 1972 తర్వాత పెన్షను కోసం అర్జీ పెట్టుకున్నవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్న ఆ కాగితాల్లో తోటి ఖైదీల పేర్లు వరసగా ఉంటాయి, మీ నాయనమ్మ పేరు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ.